ఎర్రదారం దిండు

జూన్ 10, మంగళవారం

బ్యాంకు నుంచి ఇప్పుడే వచ్చాం. దూది ఏకే కొత్త మిషన్‌కు లోన్ అడిగితే ఆ సారు ఒక్కటే ప్రశ్న వేశాడు. "మీ పరుపుల దుకాణం నెలకెంత మిగులుస్తదమ్మా?"

నేను ఈయన మొహం చూశా. ఈయన నా మొహం చూశాడు. తర్వాత మొగుడూ పెళ్లాలం ఇద్దరం కలిసి ఫ్యాను చూశాం.

మాకేం తెలుసు? గల్లాపెట్టె ఒక్కటే. పొద్దున పాలకు అందులోంచే. పిల్లల ఫీజు అందులోంచే. దూది బేలుకు అందులోంచే. ఆడబిడ్డ కొడుకుకి దర్గా దగ్గర పుట్టువెంట్రుకలు తీయిస్తే పెట్టిన బట్టలూ అందులోంచే. దుకాణం ఇంటిని తింటోందో, ఇల్లు దుకాణాన్ని తింటోందో...

సారు మర్యాదస్తుడే. "దుకాణం పేరు మీద వేరే ఖాతా పెట్టండి. వచ్చేది పోయేది కనపడాలె. దసరా అయినంక రండి" అన్నాడు. లేస్తుంటే ఇంకో మాట — "తెలుగు మంచిగ మాట్లాడుతున్నరే!"

వనపర్తిలో పుట్టి తెలుగు కాక ఏం మాట్లాడతాం. దూదేకులోళ్లం సార్ అన్నా. మైనారిటీ కౌంటరు దగ్గరికి పోతే మీరు బీసీలు కదా అంటారు. బీసీ కౌంటరు దగ్గరికి పోతే మీరు మైనారిటీ కదా అంటారు. రెండు కౌంటర్ల మధ్య బల్ల ఒకటి ఉంటుంది, అదే మా ఊరు.

జూన్ 11

మిషన్ మళ్లీ ఆగింది. బెల్టు తెగింది. ఈయన తిట్టుకుంటూ అతికించాడు. సాయంత్రం దాకా ముక్కులో దూది.

జూన్ 14, శనివారం

పెబ్బేరు సంత. తీసుకుపోయిన దిండ్లన్నీ అమ్ముడయ్యాయి. సంతోషంగా వస్తాడనుకుంటే వాళ్లన్నను, అదే మా బావను, వెంటబెట్టుకుని వచ్చాడు. గద్వాల నుంచి అన్న వచ్చాడంటే ఏదో పని పెట్టుకునే వస్తాడు.

"ఫోన్ల దుకాణపాయన మన షట్టర్ అడుగుతుండు. అడ్వాన్స్ ఇస్తడట. నెల నెల కిరాయి. ఫోమ్ పరుపులొచ్చినంక దూది ఎవడు కొంటుండు రా? మూసెయ్. చెరి సగం పంచుకుందాం."

షట్టరు అన్నదమ్ములిద్దరిదీ. అడిగే హక్కుంది. ఈయన చాయ్ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు.

నేనే అన్నా — "దసరా దాకా ఆగు బావా. దుకాణం దాని కాళ్ల మీద అది నిలబడుతదో లేదో చూపిస్త. నిలబడకపోతే తాళంచెవి నేనే తెచ్చి నీ చేతుల పెడ్త."

"దసరా దాకనే" అన్నాడు బావ.

నోరు జారానా? జారితే జారింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత — ఇన్నేళ్లుగా ఇదే కథ. ఒక్కసారి అసలు మోత ఏదో వినాలి.

జూన్ 15

పొద్దున్నే చెప్పేశా. ఇవాళ్టి నుంచి గల్లా దుకాణానిది. ఇంటికి వేరే స్టీలు డబ్బా. మనిద్దరం దుకాణంలో కూలోళ్లం. వారానికోసారి కూలి తీసుకుంటాం, అదే ఇల్లు.

"నా దుకాణంల నేను కూలోన్నా?" ఈయన.

"అవ్. నేనూ కూలిదాన్నే. మళ్ల అలుగకు."

అత్త వింటోంది. గల్లా తాళంచెవి ఆమె నడుముకే ఉంటుంది — మామ పోయిన రోజు నుంచి. ఎవరినీ లెక్కబెట్టనీయదు. "గల్లాల పైసలు లెక్కబెడితే బర్కత్ పోతది" అంటుంది. గల్లాను ఎప్పుడూ ఖాళీ చేయనీయదు, అడుగున ఒక నోటుండాలి, అదే కలిసొచ్చే బర్కత్ నోటు.

"రోజూ లెక్కబెడ్తా అత్తా" అన్నా.

"మీ మామ మొదటి మిషన్ కొన్ననాడు బ్యాంకిచ్చిందా? మనోళ్ల ఆడోళ్లు చేతుల గాజులు దీసిచ్చిన్రు. వాళ్లింట్ల పెండ్లయితే గల్లా దెరవమా మనం?"

ఆమె చెప్పింది నిజమే. మాకు అప్పిచ్చే బ్యాంకు చుట్టాలే. అందుకే చుట్టాలు దిండు అడిగితే డబ్బులడగలేం... కానీ మిషన్ బెల్టు చుట్టరికం చూడదు కదా.

తాళంచెవి మాత్రం ఆమె దగ్గరే ఉంచుకోమన్నా. పొద్దున తెరుస్తుంది, సాయంత్రం వేస్తుంది. లెక్కబెట్టేటప్పుడు పక్కకు తిరిగి కూర్చుంటుంది.

జూన్ 20

బండిలో పెట్రోలుకని ఈయన గల్లాలో చెయ్యి పెట్టాడు. అలవాటు. నేను చూశా. చెయ్యి వెనక్కి తీసుకుని ఆ చేత్తోనే తల గోక్కున్నాడు. నవ్వొచ్చింది. నవ్వలేదు.

జూన్ 28, శనివారం

ఆడబిడ్డ వచ్చింది. పోతూ పోతూ రెండు దిండ్లు చంకలో పెట్టుకుంది. ఎప్పటిలాగే.

"దూది పైసలన్న ఇయ్యి. కుట్టుకూలి వద్దు" అన్నా.

ఇంటి ముందర వాళ్లంతా చూసేలా దిండ్లు కింద పెట్టి వెళ్లిపోయింది. "మా అన్న దుకాణంల నాకు దిండు కొనుక్కునే రోజులొచ్చినయి!" అని వీధి చివరి దాకా వినిపించింది. ఈయన రాత్రికి అన్నం తినలేదు. బాధగానే ఉంది నాకూ. ఆమె చెడ్డది కాదు. నా కాన్పప్పుడు నెల రోజులు నా పిల్లల గుడ్డలుతికింది.

అందుకే ఒక గుర్తు పెట్టా. అమ్మకం సరుకుకు మూలన ఎర్రదారంతో మూడు కుట్లు. ఎర్రదారం ఉన్నది దుకాణానిది, ఎవరూ ముట్టొద్దు. లేనిది ఇంటిది, ఎవరైనా తీసుకుపోవచ్చు. మాటతో కాదనడం కన్నా దారంతో కాదనడం తేలిక.

జూలై 6, ఆదివారం

పీర్ల పండుగ. పీరుకు కట్టే దట్టీ గుడ్డ, కుడకలు, ఊదు — ప్రతి ఏడూ గల్లాలోంచే. ఈసారి స్టీలు డబ్బాలోంచి. డబ్బా అడుగు కనపడింది.

అత్త కూడా వంగి చూసింది.

జూలై 15

నాగర్‌కర్నూల్ నుంచి ఫోను! ప్రైవేటు హాస్టల్, ఆడపిల్లలది. ఆ మేడం తిమ్మాజిపేటలో ఎవరి పెళ్లిలోనో మేం కుట్టిన పరుపు మీద పడుకుందట, మంచి నిద్ర పట్టిందట. అరవై పలుచని పరుపులు, అరవై దిండ్లు కావాలట. "ఫోమ్‌వి తెస్తే పిల్లలు ఉడుకపోస్తుందంటుండ్రు."

అడ్వాన్సు ఫోనులోనే వేసింది. బ్యాంకులో కొత్తగా తెరిచిన దుకాణం ఖాతాలో. డబ్బు అందిందని గల్లా మీది స్పీకరు డబ్బాలోంచి ఆడగొంతు గట్టిగా చెప్తే ఈయన గుమ్మం దాకా వెళ్లి పక్క దుకాణం వాళ్లు విన్నారో లేదో చూసొచ్చాడు.

ఇవాళ చాలా సంతోషంగా ఉంది. ఇల్లలకగానే పండగ కాదని తెలుసు. అయినా అలికాం కదా!

జూలై 24

ఇల్లంతా దూది. పగలంతా ఈయన ఏకుతాడు, నేను నింపుతా, అత్త దబ్బనంతో కుడుతుంది. ఆమె కుట్టు ఇప్పటికీ నాకన్నా దగ్గర దగ్గరగా పడుతుంది.

వారం చివర ఆమె కూలి ఆమె ముందు పెట్టా. "నా కొడుకు దుకాణంల నాకు కూలేంది" అని విసిరికొడుతుందనుకున్నా. తీసి కొంగున ముడేసుకుంది.

వింతగా అనిపించింది.

ఆగస్టు 1

వాన. దుకాణంలో రేకు కారుతోంది. కుట్టినవన్నీ తెచ్చి లోపలి గదిలో అత్త మంచం పక్కన పేర్చాం.

ఆగస్టు 2, శనివారం

ట్రాలీ ఆటో ఎక్కించాం. ఈయన లెక్కబెడుతూ ఆగాడు. "దిండొకటి ఎక్కువొచ్చింది."

మూల చూశా. ఎర్రదారం ఉంది. మనదే.

"ఉండనీ, కొసరు" అన్నాడు. కూరగాయలమ్మి కూడా కొత్తిమీర కొసరు వేస్తుంది, అరవై దిండ్ల ఆర్డరుకు ఒక దిండు కొసరు వేయలేమా? మొదటిసారి అమ్మకందారుల్లా అనిపించాం. ఆఖరున తెచ్చిన ఆ దిండును విడిగా కట్టి పంపేశాం. అత్త అప్పుడు డాక్టరు దగ్గరికి, మోకాళ్లకు.

మిగిలిన డబ్బు సాయంత్రానికే పడింది. మేడం మాట మనిషి.

ఆగస్టు 4

అత్త ఏదో వెతుకుతోంది. మంచం కింద. బియ్యం సంచి వెనక. దుప్పట్లన్నీ దులిపింది. ఏందత్తా అంటే "ఏం లేదు పో."

పొద్దున నుంచి తిండి లేదు.

ఆగస్టు 5, మంగళవారం

చెప్పింది. చెప్పించాను అనాలి — పక్కన కూర్చుని కదలకుండా ఉంటే చెప్పింది.

"నా దిండేది?"

"ఏ దిండు?"

"నా మంచం మీద గోడ పక్కకుండే. ఎర్రదారం కుట్టింది."

"ఇంటి దిండుకు ఎర్రదారం ఎందుకు కుట్టినవ్ అత్తా?"

"నువ్వే జెప్పినవ్ గద... ఎర్రదారం ఉంటే ఇంట్లోళ్లు ఎవ్వరు ముట్టరని."

దూది మధ్యలో గుడ్డ మూట పెట్టి కుట్టేసిందట. పద్దెనిమిది వేలు. ఏళ్లుగా దాచినవి, పైన ఈ మధ్య కూలి.

ఎవరిననాలి? ఇంట్లో వాళ్ల చెయ్యి పడకూడదని నేను పెట్టిన గుర్తు అది. ఇంట్లోవాళ్లు ముట్టలేదు. దుకాణం ముట్టింది.

ఆగస్టు 6

ఎందుకు దాచావని అడిగా. బ్యాంకులో వేసేదాన్ని కదా, కనీసం డబ్బాలో పెట్టేదానివి కదా, అని కాస్త గట్టిగానే.

మోకాళ్లు పిసుక్కుంటూ చెప్పింది.

"కఫన్ పైసలు బిడ్డా. నా మీద కప్పే గుడ్డకు, గోరి తవ్వేటోళ్లకు, మూడోనాడు నలుగురికి అన్నం బెట్టనీకి. మీ మామ పోయిననాడు గల్లా దెరిచినం. ఎల్లిపాయె. ఇప్పుడు గల్లా దుకాణంది. డబ్బా ఇంటిది, అందుల పిల్లల ఫీజుకే చాలవు. నా సావు ఏ డబ్బాలకెల్లి దీస్తవ్?"

తిట్టినట్టు అనలేదు. లెక్క అడిగినట్టు అడిగింది. అందుకే నేను లేచి బయటికి పోయా. మిషన్ దగ్గర నిలబడి ఏడ్చా. దూది పడి కళ్లు మండుతున్నాయని ఈయనతో చెప్పా.

ఆమె మీద కోపం లేదు. నా మీదా లేదు, ఎందుకో. వేరు చేయడం తప్పు కాదు. వేరు చేసేటప్పుడు మనుషుల్ని ఏ డబ్బాలో పెట్టామో చెప్పాలి. నేను చెప్పలేదు.

ఆగస్టు 9, శనివారం

నాగర్‌కర్నూల్ వెళ్లొచ్చాం, అత్తా నేనూ. కత్తెర, దబ్బనం, ఎర్రదారం సంచిలో. బస్సులో అత్త ఒక్కటే మాట — "అరవై దిండ్లు ఇప్పితే దుకాణం పేరేమైతది? దూదేకులోళ్లు దిండ్లల ఏం బెట్టిన్రో అని ఊరంతా అంటరు."

అంత అవసరం రాలేదు. ఒక దిండు మార్చాలి, కుట్టు సరిగా పడలేదు అని చెప్పబోతుంటే మేడమే అంది — "మీ కొసరు దిండు మంచి పనికొచ్చిందమ్మా. లెక్క అయినంక ఇంకో పిల్ల చేరింది, సోమశిల నుంచి. ఆ పిల్లకే ఇచ్చినం."

అరవైలో వెతకక్కర్లేదు. ఏ దిండో తెలిసిపోయింది.

పై గదిలో ఆ పిల్ల. జ్వరం. మిగతావాళ్లు కాలేజీకి పోతే ఒక్కతే పడుకుని ఉంది, నోరు కొంచెం తెరిచి. తల కింద దిండు. మూలన ఎర్రదారం నేను వేసింది కాదు, దగ్గర దగ్గర కుట్లు — అత్తవే.

నేను సంచిలో చెయ్యి పెట్టా. అత్త నా చెయ్యి పట్టుకుంది.

"లేపకు. గిప్పుడిప్పుడే కన్నంటుకున్నట్టుంది."

పక్కన కూర్చుని నుదురు ముట్టి చూసింది. మేడంను అడిగి తడిగుడ్డ వేసింది. ఎవరి పిల్లో. మధ్యాహ్నం దాకా కూర్చున్నాం, ఆ పిల్ల లేవలేదు. వనపర్తికి బస్సు వేళయింది.

ఆ ఒక్క దిండే అడిగితే అనుమానం వస్తుందని మేడంకు మాటిచ్చా — దసరా సెలవులకు దిండ్లన్నీ పంపండి, ఎండబెట్టి, మళ్లీ ఏకి ఇస్తాం, పైసలొద్దు. ఆమె సంబరపడింది.

బస్సులో అడిగా — "అప్పటిదాకా పరేషాన్ లేదా అత్తా?"

"దసరా దాకా నేను సావను లే" అంది. ఇద్దరం నవ్వాం. ముందు సీటు వాళ్లు తిరిగి చూశారు.

ఆగస్టు 23

ఇంకో ఆర్డరు, చిన్నది. కొత్తకోట వైపు పెళ్లివారు. బెల్టు కొత్తది కొన్నాం — దుకాణం డబ్బుతో. ఈయన ఇప్పుడు పెట్రోలుకు కూలిలోంచే తీస్తున్నాడు. తీసిన ప్రతిసారీ నాకు చూపించి మరీ తీస్తున్నాడు.

సెప్టెంబర్ 1

ఆడబిడ్డ ఎవరి చేతికో డబ్బిచ్చి దిండు తెప్పించుకుంది. తను రాలేదు. దిండుకు కుట్లు నేనే వేశా. ఎర్రదారం మాత్రం వేయలేదు.

సెప్టెంబర్ 12

జూన్ నుంచి లెక్క వేశా. దూది, కరెంటు, ముగ్గురి కూలి అన్నీ పోగా ఇరవై వేలకు కొంచెం తక్కువ మిగులు. మూడుసార్లు వేశా. అంతే వచ్చింది. మిగిలింది! మా దుకాణం మాకు తెలియకుండా ఇన్నేళ్లూ సంపాదిస్తూనే ఉంది.

బావ ముందు పెట్టాలి. బ్యాంకు సారు ముందు పెట్టాలి. ఇక దిండొకటి వస్తే చాలు.

సెప్టెంబర్ 18, గురువారం

దిండ్లు వచ్చాయి. అరవై.

మేడంకు ఫోను చేశా. ఆ సోమశిల పిల్ల పది రోజుల కిందే వెళ్లిపోయిందట. జ్వరం పోతూ వస్తూ ఉంటే తండ్రి వచ్చి తీసుకుపోయాడు, తన పరుపుతో, ఈ దిండుతో సహా. "ఆ దిండు లేకుంటే పండనంటది, ఇచ్చేసిన. కొసరుదే గదమ్మా?" తండ్రి ఫోను స్విచ్ఛాఫ్.

అత్తకు చెప్పా. "పిల్లకు నయమైందటనా?" అని అడిగింది.

తెల్వదు అన్నా.

సెప్టెంబర్ 19

పొద్దున నుంచి ఒకటే ఆలోచన. ఆ దిండును తీసుకుపోయింది దుకాణం. కొసరు వేసింది దుకాణం. ఆ కొసరుతో మంచి పేరు వచ్చింది దుకాణానికి. అయితే ఆ పద్దెనిమిది వేలు ఎవరు బాకీ?

దుకాణమే. ఇంకెవరు.

అది రాస్తే మిగులు వెయ్యి చిల్లర. బావ నవ్వుతాడు. రాయకపోతే ఎవరికీ తెలియదు — బ్యాంకుకు తెలియదు, బావకు తెలియదు, ఈయన కూడా అడగడు. ఇంట్లో మనిషి డబ్బే కదా, ఇంట్లోనే సర్దుకుంటాం కదా...

ఆ "సర్దుకుంటాం"తోనే ఇన్నేళ్లు గడిచింది.

కూర్చుని రాశా. దుకాణం అత్తకు బాకీ, పద్దెనిమిది వేలు.

అత్త చూసింది. చదవడం రాదు, నా మొహం చదువుతుంది. "నా పైసలు రాస్తున్నవా? రాయకు. రేపు పెద్దోడు లెక్క చూడనీకి వస్తుండు. దుకాణం పోతది."

"రాస్త అత్తా."

"నా కొసరనుకో. నేనిచ్చిననుకో."

"నువ్విచ్చింది వేరే. మేం తెలియక దీస్కపోయింది వేరే."

"మూర్ఖురాలివి" అంది. కానీ చాయ్ పెట్టి తెచ్చిచ్చింది. ఆమె నాకు చాయ్ తెచ్చివ్వడం ఎన్నడూ లేదు.

సెప్టెంబర్ 20, శనివారం

ఈయనను సంతకు పోవద్దన్నా. పక్కన ఉండమన్నా. ఉన్నాడు. కొత్త బెల్టుతో మిషన్ శుభ్రంగా నడుస్తోంది. ఆ చప్పుడు వింటే ధైర్యంగా ఉంది.

బావ ముందు ఇదే లెక్క పెడతా. వెయ్యి చిల్లరంటే వెయ్యి చిల్లరే. ముగ్గురికి కూలి ఇచ్చి, ఒక బెల్టు కొని, ఒక ముసలామె బాకీ ఒప్పుకుని కూడా నిలబడింది. పడిపోలేదు. దీన్ని మూసేయమంటే నేను ఊరుకోను. తాళంచెవి నేనే తెచ్చిస్తానన్నది నిలబడకపోతే కదా.

రేపు ఆదివారం. సోమశిలకు పోతా. ఆ పిల్ల ఎట్లుందో చూడాలి. సంచిలో కొత్త దిండొకటి పెట్టా, మార్చడానికి... ఇస్తే.

అత్త పొద్దున అంది — "సోమశిలకు నేనూ వస్త. తోవ తెల్సా నీకు?" ఆమెకూ తెలియదు.

ఇప్పుడే బావ బండి వాకిట్లో ఆగింది. వెంట ఫోన్ల దుకాణపాయన. ఈయన మిషన్ ఆపలేదు.

అత్త గోడ పట్టుకుని లేచింది. నడుముకున్న గల్లా తాళంచెవి ముడి విప్పుతోంది. వేళ్లు వంగవు, ఆలస్యమవుతోంది. నేను సాయానికి లేవలేదు. పెన్ను పట్టుకుని చూస్తున్నా — పెద్దకొడుకు అటు, నేను ఇటు —

విప్పింది. నా పుస్తకం మీద పెట్టింది.